ఎలక్ట్రోస్టాటిక్ ఎయిర్ ప్యూరిఫయర్: పనిచేస్తుందా, ప్రమాదమా? మీ ఇంట్లో మీరే తేల్చుకునే పద్ధతి

ఫిల్టర్లు కొని మార్చే పని లేదు, చప్పుడు తక్కువ, కరెంటు ఖర్చు తక్కువ, ప్లేట్లు కడుక్కుంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఎలక్ట్రోస్టాటిక్ ఎయిర్ ప్యూరిఫయర్ గురించి అమ్మేవాళ్లు చెప్పే ఈ మాటలు చాలావరకు నిజాలే. వాళ్లు దాటేసే సంగతులు రెండున్నాయి. ప్లేట్ల మీద దుమ్ము పేరుకునేకొద్దీ గాలిని శుభ్రం చేసే శక్తి పడిపోతుంది. పైగా అది పనిచేసే పద్ధతిలోనే, అంటే దుమ్ముకు విద్యుదావేశం ఇచ్చి లోహపు ప్లేట్లకు అతికించడంలోనే, ఊపిరితిత్తులకు హాని చేసే ఓజోన్ వాయువు ఎంతో కొంత పుడుతుంది.

"బాగా పనిచేస్తుందా?", "ప్రమాదం లేదు కదా?" అని జనం రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. రెండింటికీ జవాబు చాలావరకు ఒకే చోట ఉంది: లోపలి తీగలూ ప్లేట్లూ ఎంత శుభ్రంగా ఉన్నాయన్నదే. మురికిపట్టిన యంత్రం తక్కువ దుమ్ము పట్టి ఎక్కువ ఓజోన్ వదులుతుంది.

అందుకే నా సలహా మొదట్లోనే చెప్పేస్తాను. క్రమం తప్పకుండా కడిగే ఓపిక మీకుండి, ఓజోన్ పరీక్ష నెగ్గిన మోడల్ దొరికితే ఇది మంచి యంత్రమే. ఆ ఓపిక లేకపోతే, లేదా ఇంట్లో ఆస్తమా, ఇతర ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లో పసిపిల్లలో ఉంటే, మారుమాట లేకుండా హెపా ఫిల్టర్ (సన్నటి కణాలను పోగుల్లో పట్టేసే ఫిల్టర్) ఉన్నది తీసుకోండి. ఇప్పటికే కొనేసినవాళ్లు కంగారుపడి మూలన పడేయనక్కర్లేదు. కింద చెప్పినట్టు పరీక్షించి చూసుకోండి.

1. ముందు అది ఏ రకమో తేల్చుకోండి

"ఎలక్ట్రోస్టాటిక్" అనే పేరు కింద పొంతనలేని వస్తువులు అమ్ముతున్నారు. పెట్టె మీది మాట చూసి తేల్చుకోలేం, మూత తెరిచి చూడాలి.

లోపల సన్నటి లోహపు తీగలు, వాటి వెనక వరుసగా అల్యూమినియం ప్లేట్లు కనిపిస్తే అది అసలైన ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్. ఈ వ్యాసం ప్రధానంగా దాని గురించే.

ప్లేట్లు లేకుండా సూదిమొనలు లేదా చిన్న బ్రష్షులు మాత్రమే ఉంటే అది అయొనైజర్. గాలిలోని కణాలకు విద్యుదావేశం ఇచ్చి గదిలోకి వదిలేస్తుంది, అంతే. అవి గోడలకూ తెరలకూ సామానుకూ పోయి అంటుకుంటాయి. యంత్రం పెట్టిన చోట గోడ మీద కొన్నాళ్లకు నల్లటి మచ్చ పడేది ఇందుకే. పోనీ గోడకే అంటుకుంటాయా అంటే ఆ భరోసా లేదు. ఆవేశమున్న కణాలు మన శ్వాసనాళాల లోపలి గోడలకు కూడా తేలిగ్గా అంటుకుంటాయి. దీన్ని గాలి శుభ్రం చేసే యంత్రం అనడానికి నాకు మనసొప్పదు.

ముడతలు పెట్టిన గుడ్డలాంటి ఫిల్టర్ ఉండి, కరెంటు దానికి కాకుండా ఫ్యానుకు మాత్రమే వెళ్తుంటే అది ఎలక్ట్రెట్ ఫిల్టర్. పోగులకు తయారీలోనే స్థిర విద్యుదావేశం ఇస్తారు. మాస్కుల్లో ఉండేది కూడా ఇదే. దీనివల్ల ఓజోన్ పుట్టదు. అయితే కడగవచ్చని తయారీదారు చెబితే తప్ప కడగకూడదు. కడిగితే, ముఖ్యంగా ఆల్కహాల్ తగిలితే, ఆవేశం పోయి ఉత్త గుడ్డగా మిగులుతుంది.

ఇక నాలుగోది, కావాలనే ఓజోన్ పుట్టించే యంత్రం. "యాక్టివ్ ఆక్సిజన్" అని ముద్దుపేర్లు పెడతారు. మనుషులున్న ఇంట్లో దీన్ని వాడకూడదు. వాసనలనూ సూక్ష్మజీవులనూ చంపేంత మోతాదులో ఓజోన్ ఉంటే అది మన ఊపిరితిత్తులను కూడా వదలదు. హాని చేయనంత తక్కువగా ఉంటే ఏ పనికీ రాదు.

2. లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి చూడండి

సూత్రం పాతదే. అమెరికా రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కాట్రెల్ ఫ్యాక్టరీల్లో వచ్చే ఆమ్లపు పొగను పట్టడానికి దీన్ని వాడి 1908లో పేటెంట్ పొందాడు. ఇప్పటికీ బొగ్గు విద్యుత్ కేంద్రాల చిమ్నీల్లో బూడిదను పట్టేది ఈ పద్ధతే. ఇళ్లలోకి రావడానికి మాత్రం ఓజోన్ అడ్డుపడింది. 1930లలో వెస్టింగ్‌హౌస్ అనే అమెరికా విద్యుత్ పరికరాల సంస్థ ఇంజనీరు గేలార్డ్ పెన్నీ రెండు దశల అమరిక తయారుచేశాడు: ముందు కణాలకు ఆవేశం ఇచ్చే తీగలు, తర్వాత వాటిని లాక్కునే ప్లేట్లు. తీగలకు రుణ వోల్టేజీకి బదులు ధన వోల్టేజీ ఇచ్చాడు. ధన కరోనాలో ఓజోన్ రుణ కరోనా కంటే చాలా తక్కువ పుడుతుంది. ఇళ్లలో వాడే మంచి యంత్రాలకు నేటికీ ఇదే మూలం.

తీగకు వేల వోల్టులు ఇస్తే దాని చుట్టూ గాలి అయనీకరణం చెందుతుంది. దీన్నే కరోనా అంటారు. అక్కడి నుంచి వెళ్లే దుమ్ము కణం ఆవేశం పుచ్చుకుని, ప్లేట్ల మధ్య విద్యుత్ క్షేత్రంలోకి రాగానే పక్కకు లాగబడి ప్లేటుకు అతుక్కుంటుంది. అదే కరోనా ఆక్సిజన్ అణువులను కూడా చీలుస్తుంది. విడిపోయిన పరమాణువు ఇంకో ఆక్సిజన్ అణువుతో కలిస్తే ఓజోన్. అంటే ఓజోన్ అనేది యంత్రం చెడిపోతే వచ్చేది కాదు, పనిచేస్తుంటే వచ్చేదే. ఎంత వస్తుందన్నదే ప్రశ్న.

ఇక్కడ ఇంకో విషయం. గాలి ప్లేట్ల మధ్య నుంచి ఎంత నిదానంగా వెళ్తే కణాలు అంత బాగా దొరుకుతాయి. కానీ నిదానంగా నడిపితే గంటకు శుభ్రమయ్యే గాలి మొత్తం తగ్గుతుంది, ఓజోన్ మాత్రం దాదాపు అంతే పుడుతూ ఉంటుంది. చిన్న గదిలో తలుపులు మూసి, "స్లీప్" మోడ్‌లో రాత్రంతా నడపడం అన్నిటికంటే నష్టపు బేరం. చాలామంది వాడేది సరిగ్గా అలాగే.

3. కొనేముందు చూడాల్సిన అంకె

"99.9 శాతం" అనే మాటను పక్కన పెట్టండి. చిన్న పెట్టెలో గంటల తరబడి నడిపి కూడా ఆ అంకె తెచ్చుకోవచ్చు. చూడాల్సింది సీఏడీఆర్, అంటే గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందన్న లెక్క. యంత్రం లాగే గాలిని, అందులో కణాలు పట్టే శాతాన్ని గుణిస్తే వచ్చేది ఇదే.

హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాలను కనీసం 99.97 శాతం పట్టాలని అమెరికా ప్రమాణం. ప్లేట్ల యంత్రం అంత పట్టదు. అయినా ఓడిపోయినట్టు కాదు. గంటకు 300 ఘనపు మీటర్ల గాలి లాగి 80 శాతం పట్టే ప్లేట్ల యంత్రం సీఏడీఆర్ 240. గంటకు 200 మాత్రమే లాగే హెపా యంత్రానిది దాదాపు 200. ప్లేట్ల మధ్య గాలికి అడ్డు తక్కువ కాబట్టి తక్కువ చప్పుడుతో ఎక్కువ గాలి లాగడం దీని అసలైన బలం.

మీ గదికి లెక్క ఇలా కట్టండి. 12 చదరపు మీటర్ల గది, 3 మీటర్ల ఎత్తు అనుకుంటే 36 ఘనపు మీటర్లు. గంటకు కనీసం 5 సార్లు గాలంతా శుభ్రపడాలంటే సీఏడీఆర్ 180 కావాలి. పొగ ఎక్కువగా వచ్చే చోట ఇంకా పెద్దది చూడండి. సీఏడీఆర్ చెప్పని కంపెనీ యంత్రం కొనకండి. చెప్పుకోదగ్గ అంకె ఉన్నవాళ్లు దాచరు.

ఫ్యాను లేని మోడళ్లతో మరీ జాగ్రత్త. చప్పుడే చేయకుండా గాలిని కదిలిస్తామంటూ అమెరికాలో షార్పర్ ఇమేజ్ సంస్థ అమ్మిన అయానిక్ బ్రీజ్ ఇందుకు ఉదాహరణ. 2003లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక దాన్ని పరీక్షించి పనికిరాదని తేల్చింది. కంపెనీ దావా వేస్తే 2004లో కోర్టు కొట్టేసింది. 2005లో అదే పత్రిక ఆ తరహా యంత్రాల ఓజోన్ గురించి హెచ్చరించింది. 2008లో కంపెనీ దివాలా తీసింది. ఫ్యాను లేకపోతే కదిలే గాలి తక్కువ, ఎంత బాగా పట్టినా సీఏడీఆర్ పెరగదు.

వాయువుల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. ప్లేట్లు కణాలను పడతాయి, వాయువులను పట్టలేవు. రంగుల వాసన, కొత్త ఫర్నిచర్ నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ లాంటివి తగ్గాలంటే వాయువులను పట్టుకునే బొగ్గు, అంటే యాక్టివేటెడ్ కార్బన్, బాగా ఉండాలి, అంతకంటే ముందు కిటికీ తెరవాలి. కార్బన్ మోనాక్సైడ్‌ను ఏ ఎయిర్ ప్యూరిఫయరూ తీసేయదు.

4. ఓజోన్ పరీక్ష నెగ్గిందో లేదో చూడండి

ఈ విషయంలో అందరికీ పనికొచ్చే కొలబద్ద కాలిఫోర్నియా నిబంధన. అక్కడ అమ్మే ఇంటి ఎయిర్ ప్యూరిఫయర్ పరీక్షలో 0.050 పీపీఎం (పీపీఎం అంటే గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు) కంటే ఎక్కువ ఓజోన్ వదలకూడదు. 2010 నుంచి ఇది అమల్లో ఉంది, నెగ్గిన మోడళ్ల జాబితాను కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు బహిరంగంగా పెడుతుంది. మీరు ఎక్కడున్నా ఆ జాబితాలో మీ మోడల్ నంబర్ వెతకండి. కంపెనీ పేరు ఉంటే సరిపోదు, మోడల్ ఉండాలి. ఇంకా కఠినమైనది అమెరికా భద్రతా పరీక్షల సంస్థ యూఎల్ ఇచ్చే యూఎల్ 2998 ధ్రువీకరణ. దానికి 0.005 పీపీఎం దాటకూడదు. ప్లేట్ల యంత్రానికి ఈ ముద్ర ఉంటే నేను నిశ్చింతగా సిఫార్సు చేస్తాను.

కొన్ని కంపెనీలు గంటకు ఎన్ని మిల్లీగ్రాముల ఓజోన్ వస్తుందో రాస్తాయి. దాన్ని గదికి మార్చుకోవడం కష్టమేం కాదు. ఓజోన్ గోడలకూ గుడ్డలకూ తగిలి విరిగిపోతుంది, కొంత బయటికి పోతుంది. మామూలు గదిలో ఇవన్నీ కలిపి, గంటకు 3 సార్లు గది గాలంతా మారితే ఎంత పోతుందో అంత ఓజోన్ పోతుందని వేసుకోవచ్చు. గంటకు 5 మిల్లీగ్రాములు వదిలే యంత్రం 36 ఘనపు మీటర్ల గదిలో ఉంటే, 5ని 36తోనూ 3తోనూ భాగించాలి. ఘనపు మీటరుకు సుమారు 0.046 మిల్లీగ్రాములు, అంటే 46 మైక్రోగ్రాములు. పీపీఎంలో సుమారు 0.023. ప్రపంచ ఆరోగ్య సంస్థ 8 గంటల సగటుకు సూచించిన పరిమితి 100 మైక్రోగ్రాములు. అదే యంత్రాన్ని సగం సైజు గదిలో పెడితే దాదాపు 93కి చేరుతుంది. బయటి నుంచి వచ్చే ఓజోన్ దీనికి అదనం. యంత్రం ఒకటే, గది మారితే ప్రమాదం మారిందని గమనించండి.

ఓజోన్ తనంతట తానే గొంతు మంట, దగ్గు, ఛాతీ పట్టేసినట్టుండడం కలిగిస్తుంది, ఆస్తమాను రెచ్చగొడుతుంది. దానికి తోడు నిమ్మ, పైన్ వాసనలుండే క్లీనర్లలోనూ రూమ్ ఫ్రెషనర్లలోనూ టెర్పీన్లు అనే వాసన రసాయనాలు ఉంటాయి. వాటితో ఓజోన్ కలిస్తే ఫార్మాల్డిహైడ్, అతిసూక్ష్మ కణాలు కొత్తగా పుడతాయి. ఏ కణాలను పట్టాలని యంత్రం పెట్టామో వాటినే ఇంట్లో తయారుచేసుకున్నట్టు. కాబట్టి ఈ యంత్రం ఉన్న గదిలో పరిమళాల స్ప్రేలు మానేయండి.

5. ఎక్కడ పెట్టాలి, ఎలా నడపాలి

గాలి లోపలికి వెళ్లే వైపూ బయటికి వచ్చే వైపూ అడ్డం లేకుండా, తెరలకూ గోడకూ దూరంగా పెట్టండి. తలదిండు పక్కన వద్దు. యంత్రం నోటి దగ్గర ఓజోన్ గది మధ్యలో కంటే ఎక్కువ. బాత్రూమ్ దగ్గరా, ఆవిరి తగిలే చోటా పెడితే ప్లేట్ల మధ్య చిటపటలు మొదలవుతాయి. పెద్ద గదిలో ఎక్కువ స్పీడు మీద నడపండి. పడకగదిలో అయితే పడుకునే ముందు కాసేపు ఎక్కువ స్పీడులో నడిపి ఆపేయడం, రాత్రంతా తక్కువ స్పీడులో వదిలేయడం కంటే నయం. బయట గాలి బాగున్నప్పుడు కిటికీలు తెరవండి.

6. నిజంగా పనిచేస్తోందో ఇంట్లోనే కొలవండి

ఈ పరీక్ష చేయకుండా ఏళ్ల తరబడి యంత్రాన్ని నమ్ముకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే కావాల్సింది గాలిలోని సన్నటి దుమ్మును కొలిచే ఒక మామూలు పీఎం 2.5 మీటరు, ఒక గడియారం మాత్రమే. ఆస్తమా ఉన్నవాళ్లను ఆ పూట వేరే చోట ఉంచండి.

తలుపులు, కిటికీలు మూయండి. మీటరు రీడింగ్ రాసుకోండి. అది 20 అనుకుందాం. కొవ్వొత్తి వెలిగించి ఆర్పితే వచ్చే పొగను రెండు మూడు సార్లు వదిలి, చిన్న ఫ్యానుతో ఐదు నిమిషాలు గదంతా కలవనివ్వండి. ఇప్పుడు ప్యూరిఫయర్ వేయకుండానే, రీడింగ్ సగానికి పడిపోవడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. ప్రతి రీడింగ్ నుంచీ మొదటి 20ని తీసేసి లెక్కపెట్టాలి. తర్వాత మళ్లీ పొగ వదిలి, ఈసారి ప్యూరిఫయర్ వేసి అదే కొలవండి.

లెక్క: 0.69ని సగమవడానికి పట్టిన గంటలతో భాగించండి. యంత్రం లేకుండా 1 గంట పట్టిందనుకుంటే 0.69. యంత్రంతో 10 నిమిషాలు, అంటే గంటలో ఆరో వంతు పడితే 4.14. తేడా 3.45. దీన్ని గది ఘనపరిమాణం 36తో గుణిస్తే 124. మీ యంత్రం మీ గదిలో ఇస్తున్న అసలు సీఏడీఆర్ గంటకు 124 ఘనపు మీటర్లు. పెట్టె మీద 240 అని ఉంటే సగమే అందుతోందన్నమాట. చవక మీటర్లు 0.3 మైక్రాన్ల కంటే చిన్న కణాలను సరిగ్గా చూడలేవు, కానీ నిన్నటికీ నేటికీ పోలికకు బాగా పనికొస్తాయి.

ఇదే పరీక్షను ప్లేట్లు కడిగిన రోజు ఒకసారి, రెండు వారాలకు ఒకసారి, నెలకు ఒకసారి చేయండి. ఏ వారంలో అంకె పడిపోవడం మొదలైందో అదే మీ ఇంట్లో కడగాల్సిన గడువు. మాన్యువల్‌లో రాసిన గడువు దాటకండి, దానికంటే ముందే అవసరమైతే ముందే కడగండి.

7. కడగడం: అసలు పనంతా ఇక్కడే

స్విచ్ ఆపి ప్లగ్ పీకేయండి. కెపాసిటర్లలో ఆవేశం కొంతసేపు నిలుస్తుంది కాబట్టి మాన్యువల్ చెప్పినంతసేపు, కనీసం కొన్ని నిమిషాలు ఆగి అప్పుడు మూత తీయండి. మాస్కు పెట్టుకుని ప్లేట్ల పెట్టెను బయటికి తీసుకెళ్లండి, లేకపోతే పట్టిన దుమ్మంతా మళ్లీ గదిలోకే రాలుతుంది.

గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు కడిగే సబ్బు కొద్దిగా వేసి అరగంట నానబెట్టండి. బ్లీచు, కాస్టిక్ సోడా లాంటి ఘాటు పదార్థాలు అల్యూమినియంను తింటాయి, వాటి జోలికి పోవద్దు. నానిన తర్వాత నీళ్లు బూడిదరంగుకు, పొగ ఉన్న ఇళ్లలో నల్లగా మారతాయి. ప్లేట్ల మధ్య సందు కొన్ని మిల్లీమీటర్లే. మెత్తటి బ్రష్షును పొడుగ్గా ఒకే దిశలో నడపాలి, అడ్డంగా రుద్దకూడదు. ఒక ప్లేటు కొంచెం వంగినా ఆ చోట సందు తగ్గి నిప్పురవ్వలు వస్తాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా మంచినీళ్లతో కడగండి, సబ్బు పొర మిగలకూడదు.

తీగలను మరిచిపోకండి. అసలు కిటుకు వాటి దగ్గరే ఉంది. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే తీగ మీద తెల్లటి గరుకు పొర కనిపించవచ్చు. కేశ సంరక్షణ, సౌందర్య ఉత్పత్తుల్లోని సిలికోన్ ఆవిరులు కరోనాలో సిలికాగా మారి ఇలా పేరుకుంటాయి. ఆ పొర ఉంటే కరోనా సమంగా రాదు, కణాలకు ఆవేశం సరిగ్గా అందదు. దూదికి కొద్దిగా ఆల్కహాల్ అద్ది, తీగ వెంట మెల్లగా, లాగకుండా తుడవండి. ఆ ఆవిరి మండే గుణం కలది, పూర్తిగా ఆరిపోయేదాకా యంత్రం దరిదాపులకు తేవద్దు.

ఆరబెట్టడంలో తొందరే చాలామంది చేసే పొరపాటు. ప్లేట్లు నిలువుగా ఉండేలా నిలబెట్టి ఒక రోజంతా వదిలేయండి. పైకి ఆరినట్టే కనిపిస్తుంది కానీ అడుగు మూలల్లో, ప్లాస్టిక్ ఇన్సులేటర్ల వెనక నీటి చుక్కలు దాక్కుంటాయి. ఒకసారి విదిలించి చూసి, చుక్క రాలితే ఇంకో పూట ఆగండి. హెయిర్ డ్రయ్యర్ వేడికి ప్లాస్టిక్ వంకర పోతుంది.

8. ఎప్పుడు ఆపేయాలి

ఎప్పుడో ఒక చిన్న చిటుకు వినిపిస్తే పెద్ద దుమ్ము రేణువో పురుగో తగిలిందనుకోవచ్చు. ఆగకుండా చిటపటలాడుతుంటే వెంటనే ఆపండి. తడి, మురికి, వంగిన ప్లేటు, ఈ మూడింట్లో ఏదో ఒకటి కారణం. ప్రతి రవ్వతో ఓజోన్ కూడా పెరుగుతుంది.

పిడుగు పడ్డాక, జిరాక్స్ మెషిన్ పక్కన వచ్చే ఘాటు వాసన గదిలో వస్తున్నా ఆపాల్సిందే. వాసన రాకపోతే ఓజోన్ లేనట్టు కాదు, ముక్కు దానికి త్వరగా అలవాటు పడుతుంది. బయటికి వెళ్లి కాసేపాగి లోపలికి వచ్చిన మొదటి క్షణంలో ఏం తెలుస్తుందో అదే నమ్మండి. యంత్రం నడిచే గదిలో దగ్గో గొంతు మంటో వచ్చి, బయటికి వెళ్తే తగ్గుతుంటే ఇక పరీక్షలు అక్కర్లేదు. ఆపేసి, దగ్గు నిలబడితే డాక్టరును కలవండి.

తీగ తెగితే అతికించే ప్రయత్నం చేయకండి. తెగిన కొస ప్లేటుకు తగిలి షార్ట్ అవుతుంది. కంపెనీ విడిభాగం దొరికేదాకా యంత్రం ఆపి ఉంచాలి. కొన్ని మోడళ్లలో ప్లేట్లతో పాటు హెపా ఫిల్టర్ కూడా ఉండి, అయనీకరణను విడిగా ఆపే బటన్ ఉంటుంది. అలాంటిది మీ దగ్గరుంటే ఆ బటన్ ఆపి, హెపా మీదే నడుపుకుంటూ, ఆరో అంచెలోని పరీక్షతో సీఏడీఆర్ ఎంత మిగిలిందో చూసుకోండి. గదికి కావాల్సినంత వస్తుంటే అయనీకరణను మళ్లీ వేయాల్సిన అవసరమే లేదు.